తీర్పు కాపీల్లోంచి రాసిన చరిత్ర

వకీలు చరిత్ర రాయడం మన దగ్గర కొత్త కాదు. ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ రాసిన మాడపాటి హనుమంతరావు గారు వకీలే. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారూ న్యాయశాస్త్రం చదివినవారే. నేను ప్రాక్టీసు చేసుకుంటూ రాజకీయ చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు ఈ పేర్లే నాకు ధైర్యం. రోజూ కాగితాలు తిరగేసేవాణ్ణి, చరిత్ర కాగితాలు నాకు లొంగకపోతాయా అనుకున్నాను.

1956 నుంచి 1973 దాకా, ఆంధ్ర, తెలంగాణల కలయికకు షరతులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం మొదలు ఆరు సూత్రాల పథకం వరకు నా మొదటి పుస్తకం. దాన్ని నేను అచ్చం దావా వేసినట్టే రాశాను. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర వైపు నలుగురు, తెలంగాణ వైపు నలుగురు సంతకాలు చేశారు కాబట్టి అది ఒప్పందం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నారు, నవంబరులో నీలం సంజీవరెడ్డి గారి మంత్రివర్గంలో ఆ పదవే లేదు కాబట్టి అది ఉల్లంఘన. ఇలా షరతు వెంట షరతు. చదివినవాళ్లు బాగుందన్నారు, రెండో ముద్రణ కూడా వచ్చింది. రాసిన విషయాల్లో అబద్ధం లేదు. తప్పు వేరే చోట ఉంది.

దావాలో జడ్జి ముందుగా ఇష్యూలు, అంటే తేల్చాల్సిన ప్రశ్నలు, ఖరారు చేస్తారు. ఆ తర్వాత సాక్ష్యమైనా వాదనైనా ఆ గిరి దాటడానికి లేదు. తీర్పు కూడా అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఇది నాకు తెలియనిది కాదు. అయినా స్థానికులకే ప్రభుత్వోద్యోగాలన్న ముల్కీ నిబంధనల అధ్యాయంలో సుప్రీంకోర్టు తీర్పులనే చరిత్ర తీర్పులుగా రాసేశాను.

1969 మార్చి 28న సుప్రీంకోర్టు 1957 నాటి ప్రభుత్వోద్యోగాల నివాసార్హత చట్టంలోని మూడో సెక్షన్‌ను తెలంగాణకు సంబంధించినంతవరకు కొట్టేసింది. కోర్టు ముందున్న ప్రశ్న చాలా చిన్నది: రాజ్యాంగం 16(3) కింద రాష్ట్రం మొత్తానికి నివాస షరతు పెట్టే అధికారం ఉన్న పార్లమెంటు, రాష్ట్రంలో ఒక భాగానికి మాత్రమే పెట్టవచ్చా? పెట్టకూడదంది. 1972 అక్టోబరు 3న ఇంకో ప్రశ్న వచ్చింది. ఆ సెక్షన్ చెల్లనప్పుడు నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనల సంగతేమిటి? 35(బి) కింద అవి అమలులోనే ఉన్నాయంది. నేనేమో మొదటి తీర్పును తెలంగాణ ఓటమిగా, రెండోదాన్ని గెలుపుగా రాశాను. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారా లేదా అన్నది ఆ రెండు కేసుల్లోనూ కోర్టు తేల్చాల్సిన ప్రశ్న కాదు. అయినా రెండో తీర్పు వచ్చిన కొన్ని వారాలకే కోస్తా, రాయలసీమ జై ఆంధ్ర ఉద్యమంతో భగ్గుమన్నాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ ఉద్యమానికి నా పుస్తకంలో దక్కింది నాలుగు పేజీలు. అవతలి పక్షం వాదనకు ఏ వకీలైనా అంతకంటే ఎక్కువ చోటివ్వడు.

కాగితాల విషయంలో చేసింది ఇది. మనుషుల విషయంలో చేసింది ఇంకా బాధిస్తుంది.

1969లో గుమాస్తాగా ఉండి, తర్వాత రిటైరైన ఒక పెద్దాయన దగ్గరికి టేప్ రికార్డరు పట్టుకుని వెళ్లాను. ‘నాన్ ముల్కీ అధికారి వల్ల మీ ప్రమోషన్ ఆగిపోయింది కదా?’ అని అడిగాను. ‘అవును’ అన్నారు. ఆ ‘అవును’ పట్టుకుని వచ్చేశాను. మన సాక్షి నోట్లో మనమే జవాబు పెట్టకూడదని సాక్ష్య చట్టం చెబుతుంది. మన సాక్షిని మనమే విచారించే చీఫ్‌లో అలాంటి ప్రశ్న వేస్తే అవతలి వకీలు వెంటనే లేచి అభ్యంతరం చెబుతాడు. ఆయన ఇంట్లో అభ్యంతరం చెప్పడానికి ఎవరూ లేరు.

పుస్తకం ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆయన తీరిగ్గా మాట్లాడారు. ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూలోనే ఫైళ్లు రాసిన మనిషి. ఆఫీసు ఇంగ్లీషులోకి మారాక చిన్న నోట్ రాయడానికీ చేతులు వణికేవట. డ్రాఫ్టు రాయడం నేర్పింది గుంటూరు నుంచి వచ్చిన సెక్షను అధికారే. సీనియారిటీ జాబితాలో ఈయన కంటే పైన కూర్చున్నదీ ఆయనే. 1969 తెలంగాణ ఆందోళన రోజుల్లో ఇద్దరూ పలకరించుకోవడం మానేశారు. ఆ తర్వాత ఆ అధికారికి బదిలీ అయిపోయింది. ‘ఆ ముచ్చట మీరు అప్పుడు అడగలె గద, వకీల్ సాబ్’ అన్నారు పెద్దాయన. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

నా పుస్తకంలో ఉద్యోగాలు ఎవరికి పోయాయో ఉంది. నేర్చిన భాష ఒక్కసారిగా పనికిరాకుండా పోయిన తరం ఏమైందో లేదు. నా ఇష్యూల జాబితాలో అది లేదు కాబట్టి.

తర్వాత ప్రతాపరెడ్డి గారి పుస్తకం మళ్లీ చదివాను. రాజులను పక్కకు నెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికారాయన. అలా అని వాదించడం రానివారు కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి జవాబిచ్చారు. ఎక్కడ వాదించాలో, ఎక్కడ వినాలో ఆయనకు తెలుసు. బొంబాయి వకీలు ఏ.జి. నూరానీ ‘ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్’లో గట్టిగానే ఒక పక్షం తీసుకున్నారు. అయినా హైదరాబాదుపై సైనిక చర్య తర్వాతి హింస గురించిన సుందర్‌లాల్ కమిటీ నివేదికను అనుబంధంగా వేశారు. ఆయనతో ఏకీభవించని పాఠకుడు దాన్ని తానే చదివి తేల్చుకోవచ్చు. నా పుస్తకం చివర అలా చేర్చిన కాగితం అప్పటికి ఒక్కటీ లేదు.

మూడో ముద్రణకు ముల్కీ అధ్యాయం కొత్తగా రాశాను. గెలుపు, ఓటమి అన్న మాటలు తీసేసి, ఏ తీర్పు ఏ ప్రశ్నకు జవాబో రాశాను. ఒప్పందం పూర్తి పాఠం చివర్లో చేర్చాను. జై ఆంధ్రలో పాల్గొన్నవాళ్లను కలవడానికి విజయవాడ, గుంటూరు తిరిగాను. ఈసారి ‘ఆ రోజుల గురించి చెప్పండి’ అని అడిగి ఊరుకున్నాను. పెద్దాయన ఇచ్చిన ‘అవును’ పక్కన ఆయన డ్రాఫ్టు నేర్చుకున్న కథ కూడా ఉంది. అది కేసును బలహీనం చేసిందని నా వైపు మిత్రులు కొందరు ఇప్పటికీ కోపంగా ఉన్నారు. ఆ పేజీలు తీసేయమన్నారు. తీయలేదు.