నూటెనిమిది, నూటనలభై నాలుగు

హనుమంతుడికే ఆలస్యమైన ఊరు మాది. రావణుణ్ణి చంపిన పాపం పోవడానికి రాముడు ఈ గుట్ట మీద లింగాన్ని ప్రతిష్ఠించదలచి, కాశీ నుంచి తెమ్మని ఆంజనేయుణ్ణి పంపాడట. ముహూర్తం ముంచుకొచ్చింది, ఆయన రాలేదు. శివుడే ప్రత్యక్షమై లింగం ఇస్తే ప్రతిష్ఠ జరిగిపోయింది. తీరా నూటొక్క లింగాలతో దిగిన హనుమంతుడు సంగతి తెలిసి, తెచ్చినవన్నీ విసిరికొట్టాడు. కీసరగుట్ట మీద ఆరుబయట ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ కనిపించే లింగాలు అవేనంటారు. సముద్రం దాటినవాడికే టైము తప్పిన చోట, యాభై రెండేళ్ల వయసులో నేను పది కిలోమీటర్లు గంటలో పరిగెత్తాలనుకున్నాను.

నా టైము గంటా పదమూడు నిమిషాలు. మూడేళ్లుగా అంతే. వారానికి నాలుగు రోజులు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద అదే తోవ, అదే తీరు. నన్ను చూసి తోవ ఇవ్వడం బర్రెలు కూడా మానేశాయి. దూరం పెంచితే వేగం అదే వస్తుందనుకున్నాను. రాలేదు. రోజూ మెల్లగా పరిగెత్తేవాడికి మెల్లగా పరిగెత్తడమే బాగా వస్తుంది.

ఇంటర్వెల్ ట్రైనింగ్ చెయ్యమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. తెలుగువాడికి ఇంటర్వెల్ అంటే సమోసా. హీరో తొడగొట్టగానే లైట్లు వెలగాలి, మనం లేవాలి. పరుగులో ఇంటర్వెల్ అంటే ఆ తొడగొట్టే భాగం, అంటే ఆయాసపడి ఉరికే ముక్క అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, మన సమోసా అర్థమే సరైనదని. 1930లలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే కోచ్, హెర్బర్ట్ రైన్డెల్ అనే గుండె వైద్యుడు కలిసి ఈ పద్ధతిని కుదిర్చారు. కొద్ది దూరం ఉరికి గుండెను నిమిషానికి 180 దాకా తీసుకెళ్లాలి. ఆపై అది 120కి దిగేదాకా ఆగాలి. తొంభై సెకన్లలో దిగకపోతే పని మోతాదు మించిందని అర్థం. గుండె గట్టిపడేది ఉరికేటప్పుడు కాదు, ఆ దిగే వ్యవధిలోనేనని వాళ్ల సిద్ధాంతం. పేరు కూడా దానికే పెట్టారు. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించాడు. ఆ రికార్డును 1955 దాకా ఎవరూ కదపలేకపోయారు.

ఇది మనకు మరీ కొత్తదేం కాదు. మా గుట్ట మీద తిరుమల తిరుపతి దేవస్థానం వారి వేదపాఠశాల ఉంది. వేదం నేర్పే చోట గురువు ఒకసారి చెప్తే శిష్యులు రెండుసార్లు పలుకుతారు. దాన్నే సంత అంటారు. పాఠం మొత్తం ఒక్క ఊపులో ఎవరికీ రాదు. ముక్క, ఆపు, మళ్లీ ముక్క.

సర్వీసు రోడ్డు మీద నాకంటే ముందే వచ్చే పిల్లలున్నారు, కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యేవాళ్లు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చెయ్యాలి. వాళ్లకు ట్రాక్ లేదు. రోడ్డంచున నాలుగు వందల మీటర్లకు ఒక సున్నం గీత గీసుకున్నారు. అందులో ఒకడి లెక్క నాకు భలే నచ్చింది. గీతకు నూటెనిమిది సెకన్లు. అట్లా నాలుగైతే 7 నిమిషాల 12 సెకన్లు, చేతిలో ఇంకా మూడు సెకన్లు మిగులు. శివుడి గుట్ట కింద అష్టోత్తరం! వాడు ఆ పోలిక చూడలేదు, నేనూ చెప్పలేదు. ఉద్యోగం కోసం ఉరికేవాడికి నా చమత్కారాలు దేనికి?

మొదటి రోజు నేను వాళ్ల వెంట పడ్డాను. మొదటి గీత 1 నిమిషం 50 సెకన్లలో దాటితే ఎంత పొంగిపోయానో! రెండోది 2:20. మూడోది సగంలో ఉండగా కుడి పిక్కలో ఎవరో చీర పర్రున చింపినట్టయింది. రోడ్డు పక్క రాయి మీద కూలబడితే ఆ పిల్లవాడే నీళ్ల సీసా తెచ్చిచ్చాడు.

"మొదటిదే గంత ఉరికితే ఆఖరుకు దమ్ము ఏడుంటది అంకుల్? మా టైము మీకెందుకు? మీదెంతో లెక్కగట్టుకోండ్రి."

మూడు వారాలు కుంటుతూ ఆ లెక్క కట్టాను. గంటలో పది కిలోమీటర్లంటే ఇరవై ఐదు గీతలు, గీతకు నూటనలభై నాలుగు సెకన్లు. నూటనలభై నాలుగు అనగానే నవ్వొచ్చింది. ఈమధ్య చట్టంలో నంబరు మారింది గానీ మన నోట్లో ఇంకా అదే సెక్షన్. గుంపులో కలవకూడదని ఉత్తర్వు.

ఉత్తర్వు ప్రకారం ఇప్పుడు బుధవారం ఒక్కరోజే ఈ పని, అదీ ఒంటరిగా. ముందు పావుగంట మెల్లటి పరుగు. తర్వాత ఆరు గీతలు, ఒక్కోదాని తర్వాత నడక. తక్కిన రోజుల్లో పక్కవాడితో ఇంటి కబుర్లు తెగకుండా చెప్పగలిగేంత నిదానం. కష్టమంతా మొదటి గీతలోనే. కాళ్లు తాజాగా ఉంటాయి, మనసు నూట ముప్పైకి లాగుతుంది. దాన్ని పట్టి ఆపడం కంటే ఆరో గీతే సులువు. వేగం అలవాటు చేసుకోవడానికి వచ్చి బ్రేకు వెయ్యడం నేర్చుకుంటున్నానేమోనని అప్పుడప్పుడు అనుమానం. 2024లో కోబెలో మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి ఇదే నాలుగు వందల మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి, పారా టీ20 విభాగంలో అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టింది. నేనొక గీత దాటేలోపు ఆమె తన గీత ఎప్పుడో దాటేసి నా వైపు చూస్తూ నిలబడగలదు. కానీ నా ఉత్తర్వు నాది.

మొన్న బుధవారం నాలుగో గీత నూటనలభై అయిదులో దాటి వంగి నిలబడ్డాను. గుట్ట మీద ఇంకా చీకటే. ఆ పిల్లవాడు ఎదురుగా నడుచుకుంటూ వస్తున్నాడు, వాడిదీ ఇంటర్వెలే.

"ఎంతొచ్చింది?" అన్నాను.

"నూటపదకొండు. మూడు ఎక్కువైంది." ఉమ్మేసి, నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "మీకెన్ని ఉన్నయి అంకుల్?"

"రెండు."

"అయితే దమ్ము తీస్కోండ్రి."

మణికట్టు మీద వేళ్లు పెట్టి పది సెకన్లు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. ఇరవైకి దిగాలి. మళ్లీ లెక్కపెట్టాను.