సరుకును బట్టి బరకం

సబ్బవరం కూడలిలో కాసేపు నిలబడితే చాలు, ఈ ప్రాంతం ఏం పండిస్తోందో, ఏం కడుతోందో బండ్ల మీదే కనబడుతుంది. పెందుర్తి, అనకాపల్లి, చోడవరం రోడ్లు కలిసే చోటు ఇది. వంకాయ గోనెలు, చెరకు గెడలు, బెల్లం దిమ్మలు, సిమెంటు బస్తాలు, ఇనప ఊచలు, ఇసుక, బూడిద ఇటుకలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఈ మండలం అనకాపల్లి జిల్లాలో చేరింది. బండ్లకు మాత్రం విశాఖతో పొత్తు తెగలేదు. రేవు, ఉక్కు కర్మాగారం, రైతుబజార్లు అన్నీ అటువైపే ఉన్నాయి మరి.

ఈ సరుకులో ఎక్కువ భాగాన్ని మోసేవి చిన్న బండ్లే. 2005లో టాటా ఏస్ వచ్చాక ముప్పావు టన్ను ఎత్తే నాలుగు చక్రాల బండి ఊరి సందుల్లోకి కూడా దూరింది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంబావు మోతతో దిగింది. మహీంద్రా బొలెరో పికప్‌లలో టన్నున్నర, ఆపైన మోసేవీ ఉన్నాయి. వీటిలో ఎక్కువ బండ్లు పైకప్పు లేని బాడీతోనే షోరూము దాటి వస్తాయి. ఎండ, వాన, గాలి, దుమ్ము అన్నీ నేరుగా సరుకు మీదే పడతాయి. కప్పు సంగతి కొన్నవాడే చూసుకోవాలి. ఆ కప్పులు ఎలా తయారవుతాయో, వాటితో డ్రైవర్లు ఎలా నెట్టుకొస్తారో చూద్దామని ఇక్కడి ఒక షెడ్డుకు వెళ్ళాను.

రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ముందు భాగంలో వెల్డింగు, వెనక భాగంలో కుట్టుపని. నేల మీద నీలం, నలుపు, వెండి రంగు గుడ్డలు పరిచి ఉన్నాయి. వాటి మీద సుద్దముక్కతో గీసిన కొలతలు. మూలన బరువైన కుట్టుమిషను, దాని పక్కన లావాటి నైలాన్ దారం ఉండలు. మేస్త్రీ వయసు అరవైకి దగ్గర. లారీ బరకాలు, అంటే టార్పాలిన్లు, కుట్టే పనిలో చెయ్యి తిరిగి, చిన్న బండ్లు పెరిగాక వీటివైపు వచ్చాడు.

నేను వెళ్ళేసరికి కొత్త బొలెరో పికప్ తెచ్చిన కుర్రాడు బేరం మొదలుపెట్టి ఉన్నాడు.

“మావా, పక్కోడి బండికి కట్టినట్టే నాకూ కట్టీ. రేటెంతవుద్ది?”

“రేటు తరవాత సెప్తాను. ముందు ఏటి లోడెత్తుతావో సెప్పు బావూ.”

“కూరగాయలు మావా. తెల్లారగట్ల రైతుబజారుకి.”

“తిరుగు లోడు?”

“ఏది దొరికితే అది. సిమెంటు, ఎరువులు.”

“రోజుకి ఎన్నిసార్లు ఇప్పి కడతావు? కూడా కుర్రోడున్నాడా, ఒక్కడివేనా?”

“ఒక్కడినే.”

మేస్త్రీ నా వైపు తిరిగి అన్నాడు: “ఆ పక్క బండోడు కోళ్ళ మేత తోల్తాడండి. ఈ బాబు ఆకుకూరలు తోల్తాడు. ఇద్దరికీ ఒకటే గుడ్డ కట్టీమంటే ఎలాగండి? ఈ బాబు సరుకు దారిలోనే ఉడికిపోద్ది.”

ఎంపిక అంతా ఆ ప్రశ్నల్లోనే ఉందని అక్కడ ఉన్నకొద్దీ తెలిసింది. గాలి చొరబడని ప్లాస్టిక్ గుడ్డ కింద కోసిన ఆకుకూర ఊపిరి తీస్తూనే ఉంటుంది. వేడి, ఆవిరి బయటికి పోయే దారి లేక గుడ్డ లోపలి వైపున నీటి చుక్కలు కట్టి, మళ్ళీ కూర మీదే పడతాయి. పైన వాన లేకపోయినా సరుకు తడుస్తుంది. అందుకే కూరగాయల బండికి ముందూ వెనకా గాలి ఆడే సందు వదలాలి. పక్కలు పైకి చుట్టి కట్టుకునే వీలుండాలి. కోళ్ళు తోలే బండికైతే వల, పైన నీడ చాలు. కోళ్ళ మేతకు, సిమెంటుకు, ఎరువుకు దానికి పూర్తిగా విరుద్ధం. ఎక్కడా సందు ఉండకూడదు.

గుడ్డల్లో ముఖ్యంగా మూడు రకాలు చూపించాడు మేస్త్రీ. సంతల్లో కనబడే నీలం బరకం హెచ్‌డీపీఈ రకం. సన్నటి ప్లాస్టిక్ పీలికలను గుడ్డలా నేసి రెండు వైపులా పలచటి పొర పోస్తారు. చవక, తేలిక. రెండోది మైనం పట్టించిన నూలు కాన్వాసు. పాత లారీల మీద ఉండేది ఇదే. గాలి కాస్త ఆడుతుంది, ఇనుము తగిలినా తొందరగా చిరగదు. అయితే తడిస్తే బరువెక్కుతుంది, తడి మీద మడిచిపెడితే బూజు పట్టి కుళ్ళిపోతుంది. మూడోది పాలియెస్టర్ గుడ్డకు పీవీసీ పూత వేసినది. ఖరీదెక్కువ, మన్నిక కూడా ఎక్కువే. దీని అతుకులను సూదితో కుట్టకుండా వేడిగాలితో కరిగించి అంటించవచ్చు కాబట్టి సూది బెజ్జాల్లోంచి నీరు దిగే బాధ ఉండదు.

దుకాణంలో వినబడే జీఎస్ఎం లెక్క ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతుంది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు బరకం 200 జీఎస్ఎం గుడ్డతో చేస్తే 4 కిలోలు. 600 జీఎస్ఎం పీవీసీతో చేస్తే 12 కిలోలు. దళసరిదే మంచిదని అందరూ అనుకుంటారు. కానీ మనిషి సాయం లేని డ్రైవరు ఆ 12 కిలోలను గాలివానలో సరుకు మీదికి ఎత్తి, లాగి, నాలుగు మూలలా కట్టాలి. అందుకే మేస్త్రీ ఆ కుర్రాణ్ణి ఒక్కడివేనా అని అడిగింది. చివరికి అతనికి కుదిర్చిన ఏర్పాటు ఇది: పైన కదలకుండా ఇనప గొట్టాల కమాన్ల మీద పీవీసీ, పక్కలకు విడిగా చుట్టుకునే తేలిక పరదాలు. కూరగాయలప్పుడు పక్కలు ఎత్తాలి, సిమెంటప్పుడు దించి బిగించాలి.

రంగుకూ లెక్క ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తాయి. షెడ్డు బయట పడేసిన పాత నీలం బరకాన్ని గోటితో గీరితే పొట్టులా రాలింది. నలుపు రంగుకు వాడే మసి ఆ కిరణాలను అడ్డుకుంటుంది కనుక నల్ల గుడ్డ ఎక్కువ కాలం నిలుస్తుంది. అదే నలుపు వేడిని పీల్చి కింద ఉన్న కూరగాయను వాడుస్తుంది. అందుకే కూరగాయల బండికి వెండి రంగు పైకి ఉండే గుడ్డ వేస్తారు.

ఇక కమాన్లు. బాడీ పక్క గోడల్లో ఇనప గొట్టాలు నిలిపి, వాటి మీద విల్లులా వంచిన గొట్టాలు అమరుస్తారు. మేస్త్రీ మధ్య కమాను కాస్త ఎత్తుగా ఉండాలని కుర్రవాడి చేత రెండుసార్లు సరిచేయించాడు. కారణం నీళ్ళు. గుడ్డ చదునుగా ఉంటే వానకు గుంట పడుతుంది. ఒక చదరపు మీటరు గుంటలో 5 సెంటీమీటర్ల లోతు నీరు నిలిచిందంటే 50 కిలోల బరువు. ఆ బరువుకు గుడ్డ ఇంకా సాగుతుంది, ఇంకా నీరు చేరుతుంది. చివరకు కుట్టు దగ్గర తెగి మొత్తం సరుకు మీద కుమ్మరిస్తుంది. వాన నేరుగా పాడుచేసే బరకాల కంటే నిలవ నీరు చింపేసేవే ఎక్కువని మేస్త్రీ అనుభవం.

తాళ్ళు దూర్చే రింగులు, అంటే ఐలెట్లు, కొట్టే పని దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ముందు అంచును రెండు మడతలు వేసి, మడత లోపల తాడు పెట్టి కుడతారు. ఆ తాడు మీదుగా వచ్చేలా అడుగుకొక గుర్తు. కుర్రవాడు చెక్క దిమ్మ మీద గుడ్డ పెట్టి, గొట్టపు ఉలితో ఒక్క దెబ్బ కొట్టాడు. పడిన బెజ్జం ఐలెట్టు మెడ కంటే చిన్నది. ఇత్తడి ఐలెట్టు మెడను అందులోకి వేలితో తిప్పుతూ బలవంతంగా దూర్చాడు. గుడ్డ దాని చుట్టూ బిగిసింది. పైన వాషరు పెట్టి సుత్తితో మూడు దెబ్బలు వేస్తే మెడ విచ్చుకుని వాషరును కరిచి పట్టుకుంది. “బెజ్జం పెద్దదైతే ఐలెట్టు ఈజీగా దిగిపోద్దండి. పని తొందరగా అయిపోద్ది. మొదటి గాలికే ఊడొచ్చీద్ది,” అన్నాడు మేస్త్రీ. బరకం కొనేవాళ్ళు గుడ్డను చేత్తో నలిపి చూస్తారు. చూడాల్సింది ముందుగా ఈ అంచును. ఐలెట్టును వేళ్ళతో పట్టి తిప్పితే అది తిరగకూడదు. సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో ఇనప ఐలెట్లు తొందరగా తుప్పు పడతాయి. ఆ తుప్పు గుడ్డను కూడా తినేస్తుంది. అందుకే ఇత్తడివి.

ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా సుమారు 51 కిలోమీటర్ల దారి ఆరు వరుసల జాతీయ రహదారి అయ్యాక తన పనే మారిందని మేస్త్రీ చెప్పాడు. పాత రోడ్డు మీద బండి నలభై దాటేది కాదు. ఇప్పుడు ఎనభైకి తగ్గదు. వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. “ఇదివరకు వానకి కారుతోందని తెచ్చేవోరు. ఇప్పుడు గాలికి సిరిగిపోనాదని తెస్తన్నారండి.” వదులుగా కట్టిన గుడ్డ టపటపా కొట్టుకుంటూ ఒకే మడత మీద వేలసార్లు వంగుతుంది. ఆ మడత దగ్గరే చిరుగు మొదలవుతుంది. దానికి మందు బిగువు. నైలాన్ తాడు తడిస్తే సాగి వదులవుతుంది కాబట్టి అక్కడక్కడ పాత టైరు ట్యూబును పీలికలుగా కోసి కొక్కేలకు తగిలిస్తారు. రబ్బరు తనంతట తానే లాగిపట్టుకుని ఉంటుంది. కమాను మూలల్లో, వెల్డింగు బుడిపెల మీద కూడా అదే ట్యూబు ముక్క చుడతారు. గుడ్డ ఇనుము మీద రాసుకునే ప్రతి చోటా ఈ పని చెయ్యాల్సిందే. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్తతో బరకం ఆయువు ఎంతో పెరుగుతుంది.

కట్టించుకోవడం ఒక రోజు పని, దాన్ని కాపాడుకోవడం ఏడాది పొడవునా పని. షెడ్డులో మాసిక కోసం కూర్చున్న బెల్లం బండి డ్రైవరు తన పద్ధతి చెప్పాడు. బెల్లం గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. దిమ్మ చెమ్మగిల్లి రంగు తిరిగితే అనకాపల్లి మార్కెట్టులో ధర పడిపోతుంది. అందుకని అతను పైన కప్పడంతో ఆగడు. లోడు ఎత్తే ముందు బాడీ నేల తుడిచి, కింద ఒక బరకం పరిచి, దాని అంచులు పైకి మడిచి, ఆపైన కప్పు వేస్తాడు. చక్రాలు చిమ్మే నీరు డాలా (బాడీ వెనక తలుపు) సందుల్లోంచి లోపలికి రావడం అతనికి తెలుసు. లోడు దించాక బరకాన్ని దులిపి, వీలైతే ఆరేసి, అప్పుడే మడుస్తాడు. ఎరువు మోసిన గుడ్డనైతే మంచినీళ్ళతో కడగందే వదలడు. చిన్న బెజ్జం కనబడిన రోజే మాసిక వేయిస్తాడు.

ధాన్యం రైతుకు ఈ జాగ్రత్త ఇంకా పెద్ద విషయం. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం మించకూడదు. ఖరీఫ్ కోతలయ్యే రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. కళ్ళంలో రెండు ఎండలకు ఆరబెట్టిన ధాన్యం, కేంద్రానికి తీసుకెళ్ళే అరగంట దారిలో ఒక్క జల్లుకు తడిస్తే మళ్ళీ వెనక్కి తెచ్చి ఆరబోయాలి. కూలి రెండోసారి, బండి కిరాయి రెండోసారి. ఆ అరగంటలో రైతు కష్టానికి కాపలా కాసేది ఆ గుడ్డ ఒక్కటే.

సొంతానికి పికప్‌లు కొనేవాళ్ళు గట్టి మూతలు వెతుకుతారు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీమాక్స్ వీక్రాస్ 2016లో, టయోటా హైలక్స్ 2022లో ఈ దేశపు రోడ్ల మీదికి వచ్చాయి. అమెరికాలో ఇలాంటి బండ్ల తొట్టికి మడత మూతలు, చాపలా చుట్టుకునే అల్యూమినియం షట్టర్లు మామూలు. తాళం పడుతుంది, సామాను కంటపడదు. కానీ షట్టరు చుట్టుకునే పెట్టె తొట్టిలో కొంత చోటు తినేస్తుంది. నీరు బయటికి పోయే గొట్టాలు దుమ్ముతో పూడుకుపోతే నీరు లోపలికే దిగుతుంది. గోనెలు బాడీ అంచు దాటి పేర్చే మన లోడుకు ఇవి పనికిరావు.

చట్టం మాట కూడా మరవకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని యజమాని తనంతట తాను మార్చకూడదు. విప్పి తీసేసే బరకం వేరు, బాడీని మూసిన డబ్బాలా మార్చేయడం వేరు. రెండోది చేయించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి. ఏ కప్పైనా వెనక దీపాలను, నంబరు పలకను మూయకూడదు.

ఇక్కడిదాకా చెప్పినదంతా సొంత సరుకు గురించి. సరుకు తడిస్తే నష్టం తనదే కాబట్టి బెల్లం బండివాడికి, ధాన్యం బండివాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇసుక, బూడిద, కంకర తోలేవాళ్ళ సంగతి అలా ఉండదు. దారిలో గుప్పెడు ఇసుక రాలితే వాళ్ళకు నష్టమేమీ లేదు. నష్టం వెనక స్కూటరు మీద వచ్చే మనిషిది. పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం, గాజువాక వైపు ఉక్కు కర్మాగారం, చుట్టూ కట్టుబడులు ఉన్న ఈ ప్రాంతంలో మూత లేని బండి ఒక్కటి వెళ్ళిందంటే దాని వెనక కిలోమీటరు దూరం జనం కళ్ళు నులుముకోవలసిందే. ఎనభై వేగంలో ముఖానికి తగిలే ఇసుక రేణువు కంటిని గాయపరుస్తుంది, ఆ క్షణంలో చెయ్యి తప్పితే ప్రాణమే పోతుంది.

అలాంటి లోడుకు ఖరీదైన గుడ్డేమీ అక్కర్లేదు. మామూలు బరకం, బాడీ అంచు దాటి అడుగు కిందికి దిగేంత కొలత, బిగించడానికి నాలుగు రబ్బరు పట్టీలు చాలు. ఎవరూ అడగకపోవడమే లోటు. లోడు నింపే చోట, అంటే ఇసుక రేవులో, క్రషరు దగ్గర, ఇటుకల బట్టీ దగ్గర, కాటా చీటీ చేతికిచ్చే మనిషి బండి వెనక్కి ఒకసారి చూసి, బరకం కట్టాకే చీటీ ఇవ్వాలి. రోడ్డు మీద తనిఖీ చేసేసరికే సగం దుమ్ము లేచిపోయి ఉంటుంది. కాటా దగ్గర ఆపితే ఒక్క రేణువూ రోడ్డెక్కదు.