ఆటోనగర్ నుండి దివిసీమకు

2010 ఫిబ్రవరిలో ఒక సోమవారం తెల్లవారుజామున అవనిగడ్డలో విజయవాడ బస్సు ఎక్కాను. చొక్కా లోపలి జేబులో ఏడున్నర వేల రూపాయలున్నాయి. అందులో మూడు వేలు మా స్త్రీల సమాజము వారు ఇచ్చినవి. పిడికెడు బియ్యము సంగతి మన పల్లె సంఘాల వారికి నేను చెప్పనక్కరలేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారము గుడికి తెస్తారు. ఆ బియ్యం అమ్మగా కూడిన సొమ్ము అది. కూలికి వెళ్లే తల్లులు ఇచ్చిన డబ్బుతో పాత బండి కొనబోతున్నాను, ఎక్కడ మోసపోతానో అన్న దిగులు బస్సు దిగేవరకు నన్ను వదలలేదు.

మా ఊరు కోడూరు వైపు, సముద్రానికి దగ్గర. ఆదివారము ఉదయం మా ఊళ్లో ఆరాధన, మధ్యాహ్నం మరో ఊళ్లో, సాయంత్రం మూడో ఊళ్లో. ఆ రోజుల్లో బస్సు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది. అంతకుముందు నాలుగేళ్లు ఒక పాత మోపెడు మీద తిరిగాను. ఇద్దరు పిల్లలు పుట్టాక అది మా కుటుంబానికి చాలలేదు. జనవరిలోనే దాన్ని అమ్మేశాను. దాని సంగతి తరువాత చెబుతాను. చెప్పక తప్పదు.

విజయవాడ ఆటోనగర్ చూడనివారు ఒకసారి చూడవలసిందే. ఒక వీధంతా లారీలకు చెక్క బాడీలు కట్టేవాళ్లు, ఇంకో వీధంతా కమాను కట్టలు, రేడియేటర్లు. ఎటు చూసినా టింకరింగు సుత్తుల చప్పుడు, వెల్డింగు వెలుగు. నేల ఆయిలు తాగి తాగి నల్లగా మెరుస్తుంటుంది. మా సంఘములోని ఒక కుర్రవాడు అక్కడ టింకరింగు షెడ్డులో పనిచేసేవాడు. వాడే నాకొక బజాజ్ చేతక్ చూసి పెట్టాడు. 1999 మోడల్. దారిలో వాడు చెప్పిన మొదటి మాట ఇది: "అయ్యగారూ, వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మనం వచ్చేలోగా ఒకసారి స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లగా ఉన్న బండి ఎన్ని కిక్కులకు లేస్తుందో మన కళ్లతో మనం చూడాలి."

బండి పటమట వైపు ఒక ఇంట్లో ఉంది. రైల్వేలో పనిచేసి రిటైరయిన పెద్దాయన. ఇంజను చల్లగానే ఉంది. మేము ఏమీ అడగకముందే ఆయన, "కూర్చోండి పాస్టరు గారూ. ముందు బండిలో ఉన్న లోపాలు చెబుతాను. మంచి సంగతి మీరే చూసుకుంటారు" అన్నారు.

కాలి కింది రబ్బరు మ్యాటు ఆయనే ఎత్తి చూపించారు. బ్రేకు పెడలు పక్కన రూపాయి బిళ్లంత తుప్పు చిల్లు. మూడో గేరు ఒక్కొక్కసారి జారుతుందన్నారు. 2006లో వెనుక నుండి ఒక ఆటో గుద్దితే వెనుక భాగం వంగిందని, బాగు చేయించిన బిల్లు తీసి చూపారు.

కుర్రవాడు తన పరీక్షలు తాను మానలేదు. నన్ను వెనుక సీటు మీద బరువు వేయమని ముందు చక్రం పట్టుకుని ఊపాడు. స్టార్టు చేసి పొగ చూశాడు. టూ స్ట్రోకు బండికి కొంచెం పొగ సహజమే. తెల్లగా దట్టంగా వస్తూ గేరు ఆయిలు తరిగిపోతుంటే మాత్రం లోపల సీలు పోయి గేరు ఆయిలు ఇంజనులో కాలిపోతున్నట్టు. ఇది అలా లేదు. తరువాత స్క్రూడ్రైవరు పిడితో అడుగు రేకంతా కొట్టుకుంటూ వచ్చాడు. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు బొద్దుగా మోగుతుంది. ఈ పరీక్ష ఎందుకంటే, మోటారు సైకిలుకు ఉన్నట్టు ఇలాంటి స్కూటరుకు విడిగా పైపుల చాసిస్ లేదు. బయటి రేకే చాసిస్. 1946లో ఇటలీలో వెస్పా స్కూటరును రూపొందించిన కొరాదినో దస్కానియో విమానాల ఇంజనీరు. రేకునే బలంగా మలచి దానిమీదే బరువంతా నిలిపాడు. మన చేతక్ ఆ వంశములోనిదే. 1972లో వచ్చింది, రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు. అందుచేత అడుగు రేకు కుళ్లిందంటే బండి నడుము కుళ్లినట్టే. ఆ ఒక్క చిల్లు తప్ప మిగతా రేకు గట్టిగా మోగింది.

ఆయన ఎనిమిది వేలు చెప్పారు. నేను ఆరు వేలకు అడుగుతూ తుప్పు సంగతి, గేరు సంగతి ఎత్తాను. పెద్దాయన నవ్వి, "నేను చెప్పిన లోపాలతోనే నన్ను బేరమాడుతున్నారా పాస్టరు గారూ? అవి తీసేసే ఎనిమిది చెప్పాను" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయనే ఏడు వేలకు ఒప్పుకున్నారు.

తరువాత కాగితాలు. ఆర్.సి.లోని చాసిస్ నెంబరు, ఇంజను నెంబరు బండి మీద కొట్టిన వాటితో ఒక్కొక్క అంకె చదివి సరిచూశాం. 29, 30 నెంబరు ఫారాలు ఆయన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇవ్వనన్నారు. నా పేరు, ఊరు, తేదీ, చివరికి గంట కూడా రాసి, ఇద్దరం సంతకాలు చేశాకే తాళం చెవి ఇచ్చారు. అమ్మినవాడు 14 రోజులలోగా, కొన్నవాడు 30 రోజులలోగా రిజిస్ట్రేషను ఆఫీసుకు తెలియజేయాలని నాకు ఆయన చెబితేనే తెలిసింది.

ఆయన రాస్తున్నంతసేపు నాకు నా మోపెడు కళ్ల ముందు మెదులుతూనే ఉంది. ఆ మోపెడును నాగాయలంక వైపు ఒక అబ్బాయికి అమ్మాను. రేవు దగ్గర చేపలు కొని ఐసు పెట్టెలో ఊళ్లకు వేసుకువెళ్లేవాడు. నేను వెళ్లే మూడో ఊరి సంఘములోనివాడే. సీటు కింద గొట్టం ఒకసారి పగిలితే నేను వెల్డింగు పెట్టించి, పైన నల్ల రంగు నా చేత్తో వేశాను. "బండిలో ఏమన్నా ఉందాండి అయ్యగారూ?" అని ఆ అబ్బాయి అడిగాడు. "ఏమీ లేదు, జాగ్రత్తగా వాడుకో" అన్నాను. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేశాను కూడా.

బయలుదేరేసరికి మధ్యాహ్నం రెండయింది. బంకులో మూడు లీటర్ల పెట్రోలు, లీటరుకు 20 మిల్లీలీటర్ల లెక్కన టూ టీ ఆయిలు పోయించాను. ఆయిలు తక్కువైతే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసి పట్టి బండి ఆగిపోతుంది. చాలామంది ఒక చుక్క ఎక్కువైతే మంచిదే అనుకుంటారు. మంచిది కాదు.

చేతక్ ఇంజను కుడివైపున ఉంటుంది. మోపెడు అలవాటున్న నాకు కంకిపాడు దాకా బండి కుడికి లాగుతున్నట్టే ఉంది. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ ముందు చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆ మడ్డి వాసనలో అరగంట ఆగాను. ఎడమచేతితో క్లచ్చి పట్టి, అదే పిడి తిప్పి గేరు మార్చడం నాకు ఆ అరగంటలోనే వచ్చింది. ముందుకు అడుగు, మళ్లీ ఆగు. ట్రాక్టరు వాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు.

పామర్రులో కుడికి తిరిగాక రోడ్డు ప్రశాంతంగా ఉంది. వరి కోసిన చేలలో మినుము పీకి కుప్పలు వేస్తున్నారు. కూచిపూడి దాటాక మూడో గేరు మొదటిసారి జారింది. పెద్దాయన మాట గుర్తుండబట్టి కంగారు పడలేదు. చల్లపల్లి ఇంకా రెండు మైళ్లుందనగా క్లచ్చి వైరు పుటుక్కున తెగిపోయింది. ఏం చేయాలో తోచక డిక్కీ తెరిచాను. అందులో గుడ్డలో చుట్టిన కొత్త క్లచ్చి వైరు, ఒక ప్లగ్గు, ఒక గరుకు కాగితం ముక్క ఉన్నాయి. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. లోపాలు చెప్పిన మనిషి ఇది మాత్రం చెప్పలేదు. రోడ్డు పక్క సైకిలు షాపతను పది నిమిషాల్లో వైరు ఎక్కించాడు.

పులిగడ్డ చేరేసరికి పొద్దు వాలింది. అక్కడ కృష్ణానది పాయలుగా చీలి దివిసీమను మధ్యలో ఉంచి సముద్రానికి పోతుంది. సీమకు పోయే కాలువ నీళ్లు నదిపాయ మీదుగా అక్విడక్టులో వెళ్తాయి. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన మా పెద్దలు ఎవరైనా ఆ చోటు దాటుతుంటే ఒక్క క్షణం మాట ఆపుతారు. నేను బండి దిగి నిలబడ్డాను. ఇంటికి వెళ్లాలా, నాగాయలంక వైపు వెళ్లాలా అని. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి అవనిగడ్డలో నాగాయలంక రోడ్డుకే తిప్పాను.

ఆ అబ్బాయి వాకిట్లో మంచం మీద ఉన్నాడు. మోకాలికి కట్టు. నాలుగు రోజుల క్రితం ఐసు పెట్టె బరువుకు కాలువ గట్టు మీద వెల్డింగు విడిపోయి పడ్డాడు. ఏడు కుట్లు. కాలువలోకి పడి ఉంటే సంగతి వేరుగా ఉండేది. నేను ఏదో చెప్పబోయాను. వాడు మెల్లగా అన్నాడు: "నల్ల రంగు కొత్తగా ఉందని ఆ రోజే చూశానండి అయ్యగారూ. మీరే చెబుతారేమో అనుకున్నాను."

వాళ్లమ్మ నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె మా స్త్రీల సమాజములో సభ్యురాలు. ఆ మూడు వేలలో ఆమె బియ్యము కూడా ఉంది. ఆమె నన్ను ఏమీ అనలేదు.

తెలిసే చెప్పలేదని నేను ఒప్పుకున్నాను. జేబులో మిగిలిన డబ్బు వైద్యం ఖర్చుకు ఇచ్చాను. అది చాలదు. మిగతాది మూడు నెలల్లో తీర్చాను. మా ఇంట్లో ఆమెకు ఈ సంగతి చెప్పడం అంతకన్నా కష్టమైంది. తరువాతి ఆదివారము సమాజము తల్లులకు కూడా చెప్పాను. గొట్టం మార్పించాము. అబ్బాయి కాలు నయమయ్యాక రెండు బండ్ల కాగితాలు పట్టుకుని ఇద్దరం ఈ స్కూటరు మీదే మచిలీపట్నం వెళ్లాం. ఖాళీ సంతకాలు ఎంత ప్రమాదమో నాకు పూర్తిగా తెలిసింది ఆ తరువాత ఎన్నో ఏళ్లకు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కారు ప్రమాదం కేసులో, బండి చాలా చేతులు మారినా రిజిస్ట్రేషనులో ఎవరి పేరుందో అతనే యజమాని, నష్టపరిహారానికి అతనే బాధ్యుడు అని తీర్పు చెప్పింది. బండి అమ్మి కాగితాలు వదిలేసిన సహోదరులు మనలో చాలామంది ఉన్నారు. ఈ వారమే చూసుకోండి.

ఇక మా సముద్రపు గాలి సంగతి. ఇక్కడ ఇనుము ఏదైనా ఉప్పుకు ఆహారమే. అడుగు చిల్లుకు రేకు వేయించాక ఆ అబ్బాయే నాకు నేర్పాడు: హంసలదీవి వైపు వెళ్లి వచ్చిన రోజున మంచినీళ్లతో అడుగు కడిగి, ఎండలో ఆరబెట్టి, మ్యాటు ఎత్తి కింద వాడేసిన ఇంజను ఆయిలు గుడ్డతో పూయాలి. మ్యాటు కింద చేరిన తడే రేకును తినేది. రాత్రి పెట్రోలు కాకు కట్టాలి. లేకపోతే కార్బురేటరు పొంగి పొద్దున బండి లేవదు. లేవనప్పుడు ఊరివాళ్లంతా బండిని వంచమంటారు. ముందు ప్లగ్గు తీసి మసి గీకండి, వంచడం తరువాత. దీని రెండు చక్రాలూ ఒకటే కొలత, కాబట్టి స్టెప్నీ దేనికైనా సరిపోతుంది. రిమ్ము రెండు పళ్లేలు నట్లతో కలిపినట్టుంటుంది. పంక్చరు మనమే వేసుకోవచ్చు గాని, గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పకూడదు. ముఖాన తగులుతుంది. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. అది తడిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. అందుకని పెట్రోలు పైపు ఇదివరకటికన్నా తొందరగా మారుస్తున్నాను, వారాల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచడం మానేశాను.

పదిహేనేళ్లు నిండాక 2014లో రిజిస్ట్రేషను పొడిగించాను, తరువాత 2019లో, 2024లో. అసలు చేతక్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. 2020లో అదే పేరుతో కరెంటు బండి వచ్చింది. మా అబ్బాయి అది కొనమంటాడు. చూడాలి.

ఈ బండిని ఎప్పటికైనా అమ్మవలసి వస్తుంది. అందుకని డిక్కీలో ఒక చిన్న పుస్తకం పెట్టాను. కొనేవారికి చెప్పవలసినవి కనబడినప్పుడల్లా అందులో రాస్తాను. పోయిన వారానికి పదకొండు ఉన్నాయి. నిన్న పన్నెండవది రాశాను: హ్యాండిలు ఎడమకు తిప్పితేనే హారను మోగుతుంది.