ముల్లు మీద పావలా బిళ్ళ

పోయిన దసరాకి మా అమ్మాయి బెంగుళూరు నుంచి రాయగడ వచ్చింది. బామ్మ గదిలో అటక దులుపుతూ నాన్నగారి రికార్డుల పెట్టె కిందికి దించింది. వానాకాలం తేమకి అట్టల మీద తెల్లగా బూజు పట్టింది కానీ, లోపల రికార్డులు బాగానే ఉన్నాయి. అది చూసి, "నాన్నా, మీ సర్వీసు ముప్పై ఏళ్ళు నిండింది కదా, మంచి రికార్డు ప్లేయరు నేను కొనిస్తాను. ఈ రెండింటిలో ఏది కావాలో మీరు తేల్చండి" అని చీటీ రాసి నా చేతిలో పెట్టింది. ఒకటి ఇంగ్లండు వాళ్ళ రేగా ప్లేనార్ 3. రెండోది జపాను వాళ్ళ టెక్నిక్స్ 1200 వరసలోది. ధరలు చూసి మా ఆవిడ, "ఈ డబ్బుతో హాలుకి రంగులు వేయించుకోవచ్చు" అంది. ఆ మాట నిజమే.

బ్యాంకులో ఎన్ని అప్పుల దరఖాస్తులు తేల్చానో లెక్క లేదు. ఈ ఒక్క చీటీ తేల్చడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

నాన్నగారు బొబ్బిలి వైపు నుంచి వచ్చి, రాయగడలో ఒక కలప వ్యాపారి దగ్గర గుమాస్తాగా కుదిరారు. చుట్టూ ఒడియా, కువి మాటలు. ఇంట్లో తెలుగు వినబడాలంటే రేడియో, లేకపోతే ఈ పెట్టె. ఆయన కొనుక్కున్న ఒకే ఒక్క విలాస వస్తువు హెచ్.ఎం.వి. వారి ప్లేయరు. దాని ముల్లుకి చిన్న మీట ఉండేది. అటు తిప్పితే 78 రికార్డుకి, ఇటు తిప్పితే ఎల్పీకి. 78 గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. 78 ముల్లు కొన ఎల్పీ ముల్లు కన్నా మూడు నాలుగింతలు లావు. ఈ సంగతి నాకు తొమ్మిదో ఏట తెలియదు.

1974 ఫిబ్రవరిలో ఘంటసాల గారు పోయిన తర్వాత కొన్నాళ్ళకి నాన్నగారు విజయనగరం వెళ్ళి ఆయన భగవద్గీత ఎల్పీ తెచ్చారు. దాన్ని తువ్వాలులో చుట్టి దాచేవారు. ఒకనాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను దాన్ని తీసి పెట్టాను. మీట 78 వైపు ఉంది. ముల్లు జారిపోతోంది. ఎదురింటి వాళ్ళు చేసినట్టే చేతి మీద పావలా బిళ్ళ పెట్టాను. జారడం ఆగింది, మొదటి వైపు అంతా పాడింది. ఆ సాయంత్రం నాన్నగారు పెట్టుకుంటే శ్లోకం మీద సరసరమని ఇసుక పోసినట్టు చప్పుడు! ఆయన రెండు నిమిషాలు విని తీసేశారు. "రికార్డు పాతబడిందే" అన్నారు అమ్మతో. నేను పుస్తకంలో తల పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఆయన ఆ వైపు ఎప్పుడూ వేయలేదు.

అందుకే మా అమ్మాయి చీటీ చూడగానే నాకు భయం వేసింది. అంత ఖరీదైన మిషను నేను చేసిన పాడుపనిని ఇంకా స్పష్టంగా వినిపిస్తుందేమో!

విశాఖలో ఉండే నా పాత సహోద్యోగి ఇంట్లో రేగా ఉంది. ఆ ఎల్పీని తువ్వాలులోనే చుట్టి రైల్లో ఒళ్ళో పెట్టుకుని పట్టుకెళ్ళాను. ఆయన డిస్టిల్డ్ వాటరుతో తుడిచి, గాజు పళ్ళెం మీద పెట్టారు. ముల్లు బరువు రెండు గ్రాములు కూడా లేదుట. పావలా బిళ్ళ బరువే అంతకన్నా ఎక్కువ! మేమిద్దరం మాట్లాడకుండా విన్నాం. సరసర ఉంది, పోలేదు. కానీ సగానికి తగ్గింది. కొత్త ముల్లు కొన ఆకారం వేరు, అది గాడి గోడలో వేరేచోట ఆనుతుంది, పాత ముల్లు గీకని చోటు దానికి కొంత దొరికింది అని ఆయన చెప్పారు. శ్లోకం అయ్యాక తాత్పర్యం మొదలెట్టే ముందు ఘంటసాల గారు ఊపిరి తీసుకోవడం వినబడింది. మా పెట్టెలో అది నేనెన్నడూ వినలేదు.

ఇంకేం, రేగాయే కొందామనుకుని రాయగడ వచ్చి అమ్మకి చెప్పాను. ఎనభై దాటిన అమ్మ అంతా విని, "మరి పుష్పవిలాపం వినబడుతుందా అందులో?" అంది.

అక్కడ ఆగిపోయాను. కరుణశ్రీ గారి పద్యాలు ఘంటసాల గారు పాడిన ఆ రికార్డు 78. ప్లేనార్ 3 కి 33, 45 వేగాలే. అందులోనూ వేగం మార్చాలంటే పళ్ళెం ఎత్తి బెల్టు చేత్తో జరపాలి. టెక్నిక్స్‌లో బెల్టు లేదు, పళ్ళెం కిందే మోటారు. ఆ కంపెనీ 1970లో ఎస్.పి.10 అనే దానితో ఆ పద్ధతి మొదలెట్టి, 1972లో 1200 తెచ్చింది. 2010లో ఆపేసి, అడిగేవాళ్ళు ఎక్కువై 2016లో మళ్ళీ మొదలెట్టింది. ఇప్పటి వాటిలో 33, 45 బొత్తాలు రెండూ కలిపి నొక్కితే 78 తిరుగుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, ముల్లుండే తల మొత్తంగా ఊడివస్తుంది. ఎల్పీకి ఒక తల, 78 కి ఒక తల ఉంచుకుని, మరచెక్క తిప్పి మార్చుకోవచ్చు. మా పాత మీట పనే, కాకపోతే పొరపాటు పడడం కష్టం.

ధ్వని మాత్రం రేగాదే నా చెవికి తియ్యగా ఉంది, ఆ మాట దాచను. విశాఖలోనే ఒక షాపులో టెక్నిక్స్ కూడా విన్నాను. గట్టి మనిషి మాట్లాడినట్టుంటుంది. అయినా పెట్టెలో 31 రికార్డులుంటే, అందులో 19 రికార్డులు 78 లే. లెక్కలవాణ్ణి, ఇంకేం చేస్తాను?

మీ అటకల మీదా 78 లు ఉంటే ఒక్కమాట. వాటిని స్పిరిట్‌తో తుడవకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌కి కరిగిపోతాయి. ప్లేయరుకీ యాంప్లిఫయరుకీ మధ్య ఫోనో స్టేజి అనేది కూడా కొనాలి. రికార్డు కోసేటప్పుడు తగ్గించిన మంద్రాన్ని అది మళ్ళీ పెంచుతుంది. షాపువాడు ఇది ఆఖర్న బిల్లు దగ్గర చెబుతాడు.

ఆర్డరు పెట్టిన రోజు రాత్రి అమ్మ దగ్గర కూర్చుని, నలభై ఏడేళ్ళ తర్వాత, గీత రికార్డు పాడుచేసింది నేనేనని చెప్పాను. అమ్మ వక్క కత్తిరిస్తూనే ఉంది.

"ఆ పావలా పళ్ళెం కింద దొరికిందిరా మీ నాన్నకి. నీ పుట్టినరోజుకి నేనిచ్చిందే అది. వాడితో అనకు, మళ్ళీ దాని జోలికే పోడు, పాటలు వినడం మానేస్తాడు అన్నారు."

నాకు మాట రాలేదు. కాసేపాగి అమ్మే అడిగింది.

"ఇంత డబ్బు పోస్తున్నారు. దీని మీద బిళ్ళ పెట్టక్కర్లేదు కదా?"