రిమోట్ మొరాయించిన జుమేరాత్

ధర్మవరంలో ఖాలా తబియత్ బాగాలేదని ఫోనొస్తే అమ్మీని తీసుకుని హిందూపురం నుంచి బయల్దేరా. దారిలో పెనుకొండ బాబయ్య దర్గాలో దువా చేసుకుని పోదామంది అమ్మీ. ఫాతిహా అయ్యి బయటికొచ్చి రిమోట్ నొక్కితే కారు పలకదు. అమ్మీ ఇన్సులిన్ లోపలే ఉంది. ఎండకు అది పాడైతే? పరేషాన్ అయిపోయా.

పూల చాదర్లు అమ్మే చాచా చూసి, "బేటా, దాని కడుపులో తాళంచెవి ఉంటాది, లాగు" అన్నాడు. ఆయన కొడుకు కార్లు తోలతాడంట. మూడేళ్లుగా జేబులో మోస్తున్నా, నాకు తెలీదు! దాంతో తలుపు తీస్తే సైరన్ ఒకటే గోల. జియారత్‌కొచ్చినోళ్లంతా నన్నే చూడబట్టిరి. శరమొచ్చింది. చాచా చెప్పినట్టు రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కితే ఇంజన్ లేచింది, సైరన్ ఆగింది. బ్యాటరీ చచ్చినా, అంత దగ్గర పెడితే లోపలి చిప్‌కు కావాల్సిన కాస్త కరెంటూ కారే ఇస్తుంది.

ఊళ్లో గడియారాల కొట్టులో 2032 బిళ్ల వేయించా, 3 వోల్టులది. వారం నుంచీ బాగా దగ్గరికి పోతేగానీ తలుపు తెరుచుకునేది కాదు. అదే ఇషారా. నేనే బేఫికర్‌గా ఉన్నా.

ధర్మవరం చేరేసరికి జొహర్ దాటింది. ఖాలా మంచంమీంచే, "ఇంత లేటేందిరా?" అనింది. నేను నోరు తెరిచేలోపే అమ్మీ కథంతా చెప్పేసింది. ఖాలా నవ్వింది.