ఆల్బియన్ సూర్యుడు

నిజాం కాలపు బస్సుల ప్రస్తావన రాగానే, నంబరు పలకపై ఉండే ‘జెడ్’ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తన్న కథతోనే మాట ముగిసిపోవడం, ఆ బస్సును చేసిన కంపెనీ పేరు గానీ దాని ముఖాన వెలిగిన చిహ్నం గానీ ఎవరి నోటా రాకపోవడం తెలంగాణ రవాణా చరిత్రకు జరుగుతున్న అన్యాయం. ఆ కంపెనీ స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో 1899లో పుట్టిన ఆల్బియన్. దాని చిహ్నం కిరణాలు చిమ్ముతూ పైకి లేస్తున్న సూర్యుడు. పొద్దు పొడవడం ఎంత ఖాయమో తమ బండి కదలడమూ అంత ఖాయమని ఆ కంపెనీ చాటుకొనేది.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన అనుబంధంగా రోడ్డు రవాణా శాఖను నెలకొల్పి, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో సర్వీసులు ప్రారంభించినప్పుడు, తొలి డిపోలలో కాచిగూడ, కాజీపేటల సరసన నార్కట్‌పల్లి నిలిచింది. పొరుగునున్న పాలమూరుకు అప్పటికే మీటర్ గేజి రైలుండగా, నల్లగొండ పట్టణం పట్టాల కోసం ఇంకా దశాబ్దాలు ఎదురుచూడవలసి ఉన్నందున, బెజవాడ బాట నుండి నల్లగొండకు దారి చీలే ఆ ఊరికి బస్సే రైలైంది.

ఇంజనులో వేడెక్కిన నీటిని సన్నని గొట్టాల గుండా పారించి గాలితో చల్లబరిచే భాగం రేడియేటరు. నాటి బస్సులలో అది రేకుల చాటున దాగక ఎదురుగా నిటారుగా నిలిచేది. దాని పైతొట్టి మీదనే ఆల్బియన్ సూర్యుడు ఉండేవాడు. నడివేసవిలో, నీడలేని రాతిగుట్టల నడుమ, పొగలు కక్కే మూతను గుడ్డతో పట్టి తిప్పి నీళ్లు పోసే డ్రైవరుకు ఆ చిహ్నం జానెడు దూరంలో కనిపించేది. నల్లగొండ ఎండకు తగిన చిహ్నం అంతకు మించి మరొకటి లేదు. నేటి వాహనాలపై మెరిసే వంపుగీతలు ఏ నేలనూ, ఏ పనినీ తలపించవు.

1951లో ఆల్బియన్‌ను లేలాండ్ కంపెనీ కొనుగోలు చేసింది. అదే ఏడాది నవంబరు 1న ఈ రవాణా శాఖ రైల్వే చేతి నుండి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1972 నాటికి గ్లాస్గో కర్మాగారానికి సైతం లేలాండ్ పేరే పెట్టడంతో ఆల్బియన్ అన్న బ్రాండు కనుమరుగైంది. ఆ రవాణా శాఖకు వారసురాలై, ఒక ఆల్బియన్ బస్సును హైదరాబాదు బస్ భవన్‌లో భద్రపరచిన ఆర్టీసీ, నార్కట్‌పల్లి డిపో ఆవరణలోనూ ఆ సూర్యుడి ప్రతిమను నిలిపి, కింద 1932 అన్న సంవత్సరాన్నీ ఆల్బియన్ పేరునూ తెలుగులో చెక్కించాలి.