కమిలిన మచ్చ దెబ్బదేనా?

విజయనగరం నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. ‘మా అబ్బాయికి పదహారేళ్ళు. ఏడాదిగా కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. కాళ్ళూ చేతులూ ఎప్పుడు చూసినా కమిలిపోయే ఉంటాయి. మావారు మానెయ్యమంటారు, వాడు వినడు. ఈ తన్నుల వల్ల రక్తం పాడైపోయి పెద్ద జబ్బు వస్తుందని మా పక్కింటావిడ భయపెడుతోంది. నిజమేనా డాక్టరు గారూ?’

తన్నుల వల్ల రక్తం పాడవదు. పక్కింటావిడకు ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ ఉత్తరంలో ‘ఎప్పుడు చూసినా’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇరవయ్యేళ్ళు దాటినా మరచిపోలేని ఒక సంగతి గుర్తుకొచ్చింది. అందులో తప్పు నాదే కనుక చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

2001లో విశాఖపట్నంలో నా ప్రాక్టీసు. దగ్గర్లో ఉండే పదిహేడేళ్ళ కుర్రాడొకడు కరాటేతో మొదలుపెట్టి కిక్‌బాక్సింగులోకి దిగాడు. ఇంట్లో చంటి అని పిలిచేవారు. ఒకరోజు కుంటుకుంటూ వచ్చి, ముంజంఘలు నొప్పి అన్నాడు, అంటే మోకాలి కింద ముందువైపు ఎముకలు. ఆ ఆట ఆడేవాళ్ళు ఎదుటివాణ్ణి కొట్టేది ఆ ఎముకతోనే. నొప్పి ఉండక ఏమవుతుంది? రాత్రిళ్ళు పడుకున్నాక ఎక్కువవుతోందని కూడా చెప్పాడు. విన్నాను, కాని వినిపించుకోలేదు. అయిదు రోజులకు నొప్పి మాత్రలు రాసిచ్చి, ఆట ఆపమని చెప్పి పంపేశాను.

వారం తిరక్కుండా ఈసారి తల్లి వెంటబెట్టుకుని వచ్చింది. కుర్రాడు పాలిపోయి ఉన్నాడు. తొడలమీద, పిక్కలమీద నీలం మచ్చలు. 

“ఇవి కొత్తగా వచ్చాయండీ. వీడు వారమై క్లాసుకే వెళ్ళలేదు” అందావిడ.

“తన్నుల ఆట ఆడేవాడికి మచ్చలు రాక ముత్యాలు రాలతాయా అమ్మా?” అని నేను నవ్వాను. 

ఆవిడ నవ్వలేదు. కొడుకు చొక్కా చెయ్యి పైకి తోసి, చంకకు దగ్గరగా లోపలివైపు చూపించింది. అక్కడొక మచ్చ, అరచెయ్యంత.

“ఇక్కడెవరు తన్నుతారండీ?”

ఆ ప్రశ్న నేను వేసుకోవలసింది. వైద్యం చదవని మనిషి వేసింది. అప్పుడు కుర్రాణ్ణి బల్లమీద పడుకోబెట్టి, మొదటిసారే చూడవలసినట్టుగా చూశాను. చీలమండల చుట్టూ ఆవగింజల కన్నా చిన్నవి ఎర్రటి చుక్కలు. వేలితో నొక్కితే మాయం కావడం లేదు. పొద్దున పళ్ళు తోముకుంటే చిగుళ్ళు నెత్తురు కారుతున్నాయట. మెడలో గ్రంథులు చేతికి తగులుతున్నాయి.

రక్తం తీసి పంపాను. సాయంత్రం లేబొరేటరీ ఆయన రిపోర్టు కుర్రవాడితో పంపకుండా తనే స్కూటరు మీద వచ్చాడు. ఆయన తనే వచ్చాడంటే ఏమిటో నాకు తెలుసు. హిమోగ్లోబిన్ 7. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైన ఉండవలసినవి 18 వేలు. గాజుపలక మీద రక్తంలో, మూలుగలో మాత్రమే ఉండవలసిన ముదరని తెల్లకణాలు గుంపులు గుంపులుగా. అక్యూట్ ల్యుకీమియా. ప్లేట్‌లెట్లు పడిపోతున్న ఆ పిల్లాడికి, ఉన్న ప్లేట్‌లెట్ల పని కూడా చెడగొట్టే నొప్పి మాత్రలు నా చేత్తో ఇచ్చాను. ఆ రాత్రి రైలుకే హైదరాబాదు పంపించాం.

ఇక కిక్‌బాక్సింగ్ నేను నేర్చుకున్న వైనం. చంటి మేనమామ ఓడల్లో పనిచేసేవాడు. జపాన్ రేవులకు వెళ్ళినప్పుడల్లా అల్లుడికోసం వీడియో క్యాసెట్లు తెచ్చేవాడు. అన్నీ కె-1 పోటీలవి. మొదటి విడత మందులయ్యాక చంటి ఇంటికి వచ్చినప్పుడు నేను చూడ్డానికి వెళితే, గుండు తలతో, స్టెరాయిడ్లకు ఉబ్బిన మొహంతో ఆ క్యాసెట్ల ముందు కూర్చుని ఉండేవాడు. నేనూ కూర్చునేవాణ్ణి. ఎక్కువగా చూసింది 2000 సంవత్సరపు పోటీలు. 

కె-1 అంటే జపాన్‌లో కరాటే గురువు కజుయోషి ఇషీ పెట్టిన పోటీ సంస్థ. 1993 ఏప్రిల్ 30న టోక్యోలో మొదటి గ్రాండ్ ప్రీ జరిగింది. కరాటే, కిక్‌బాక్సింగ్, థాయ్ బాక్సింగ్ ఇలా ఎవరి విద్యతో వాళ్ళు వచ్చి ఒకే నిబంధన కింద తలపడటం దాని ఆకర్షణ. పెద్ద పోటీలో ఎనిమిది మంది. ఒక్క రాత్రిలోనే నెగ్గినవాడు నెగ్గినవాడితో మళ్ళీ ఆడి, మూడోసారీ నెగ్గితే విజేత. మూడేసి నిమిషాల రౌండ్లు మూడు. మొదటి పోటీలో గంట ముందు తన్నులు తిన్న కాలితోనే మూడో పోటీలో నిలబడాలి. డాక్టరుగా నాకది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. మెదడు అదిరినవాడికి ఆ అదురు గంటలో తగ్గదు. చూస్తున్నప్పుడు మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయానని ఒప్పుకోవాలి.

చంటి ఆరాధించిన మనిషి స్విట్జర్లాండుకు చెందిన ఆండీ హగ్. 1996 గ్రాండ్ ప్రీ విజేత. ఎదుట నిలబడేవాళ్ళ పక్కన పొట్టిగా కనిపించేవాడు. కాలు నిలువునా ఆకాశానికి ఎత్తి, గొడ్డలి దించినట్టు మడమను ఎదుటివాడి నెత్తిమీదకు దించేవాడు. జపానువాళ్ళు నీలికళ్ళ సమురాయ్ అని సొంతం చేసుకున్నారు. 

2000 జూన్ 3న సొంత దేశంలో, జ్యూరిచ్‌లో, క్రొయేషియావాడు మిర్కో ఫిలిపోవిచ్‌తో పోటీ. రౌండ్లన్నీ పూర్తయ్యాయి. హగ్‌దే గెలుపని న్యాయనిర్ణేతలు చెప్పారు. జూలై 7న జపాన్‌లోని సెందాయ్‌లో నోబు హయాషిని మొదటి రౌండులోనే పడగొట్టాడు. ఆగస్టులో తీవ్రమైన జ్వరం. టోక్యో ఆసుపత్రిలో పరీక్షిస్తే అక్యూట్ ల్యుకీమియా అని తేలింది. రోగం పేరు తెలిశాక మిగిలినవి రోజులే. ఆగస్టు 20న యొకొహామాలో కె-1 పోటీలు జరుగుతుంటే అతను ఆసుపత్రిలో ఉన్నాడు. 24న చనిపోయాడు. ముప్పయ్యయిదేళ్ళు. సెందాయ్ గెలుపుకీ చావుకీ మధ్య 48 రోజులు.

జ్యూరిచ్ క్యాసెట్టు నేను ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. ఏదైనా మచ్చ ఉందా, మొహం పాలిపోయిందా, రౌండుకూ రౌండుకూ మధ్య అందరికన్నా ఎక్కువ రొప్పుతున్నాడా అని. నాకేమీ కనిపించలేదు. అప్పటికి రోగం మొదలయిందో లేదో ఎవరు చెప్పగలరు? అక్యూట్ ల్యుకీమియా కొన్ని వారాల్లోనే మనిషిని ముంచెయ్యగలదు. పైగా కసరత్తు చేసిన శరీరం అప్పుకు తట్టుకున్న సంసారం లాంటిది. రక్తం తగ్గుతున్నా గుండె, కండరాలు సర్దుకుపోతాయి. మామూలు మనిషి రెండో అంతస్తు మెట్లకే ఆయాసపడి డాక్టరు దగ్గరకు పరుగెత్తే స్థితిలో క్రీడాకారుడు ‘ఇవాళ కాస్త నీరసంగా ఉంది’ అంటాడు. నొప్పిని ఓర్చుకోవడమే విద్యగా నేర్చినవాడు నొప్పిని లెక్కలోకి తీసుకోడు. అతన్ని చూసే డాక్టరు కూడా తీసుకోడు. నేను తీసుకోలేదు కదా.

ఒక సాయంత్రం ఆ క్యాసెట్టు అయిపోయాక చంటి టీవీ వైపే చూస్తూ అడిగాడు.

“ఆండీ హగ్‌కి వచ్చిందే నాకూ వచ్చిందా అంకుల్?”

వాళ్ళమ్మ వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. 

“ల్యుకీమియా అనేది ఇంటిపేరురా. ఒకే ఇంటిపేరుతో ఊళ్ళో ఎంతమంది ఉండరు? నీకొచ్చిన రకానికి మందులున్నాయి, నీ ఒళ్ళు ఆ మందులకు లొంగుతోంది” అన్నాను.

“మరి నేను దెబ్బలు తినడం వల్ల వచ్చిందా?”

“కాదు.”

“అతనికి?”

“అతనికీ అందువల్ల కాదు.”

వాడు తలూపి ఇంకో క్యాసెట్టు పెట్టాడు. డిసెంబరు 10, టోక్యో డోమ్. ఆ ఏడాది ఆఖరి పోటీ. ఎనిమిది మందిలో డచ్చివాడు ఎర్నెస్టో హూస్ట్ వరసగా ముగ్గుర్ని గెలిచాడు. ఫైనల్లో ఓడింది న్యూజిలాండు రే సెఫో. హూస్ట్‌కు అది మూడో కిరీటం. అతనికీ అప్పుడు ముప్పయ్యయిదేళ్ళే. హగ్ లేని ఆ హాలును చంటి ఏ కళ్ళతో చూశాడో నేను అడగలేదు.

చంటి బతికాడు. రెండున్నరేళ్ళ మందులు, వెన్నులోకి ఇంజెక్షన్లు, రెండుసార్లు చావు అంచుదాకా తీసుకెళ్ళిన జ్వరాలు. ఆస్తిలో ఒక వాటా పోయింది. ఇప్పుడు గాజువాకలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు, ఇద్దరు పిల్లలు. రింగులోకి మళ్ళీ దిగలేదు. ఏడాదికోసారి రక్తపరీక్ష కాగితం తెచ్చి నాకు చూపిస్తాడు. వాళ్ళమ్మ మాత్రం ఆ మాత్రల సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపిస్తుంది.

విజయనగరం అమ్మగారూ, మీ అబ్బాయి మచ్చలు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు తన్నుల మచ్చలే కావచ్చు. తేడా ఎలా కనిపెట్టాలంటే, తన్ను మచ్చకు ఒక కథ ఉంటుంది. ఫలానా రోజు ఫలానా వాడు తన్నాడని మీవాడు చెప్పగలడు. ముట్టుకుంటే నొప్పి ఉంటుంది. నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారి, వారం రెండు వారాల్లో పోతుంది. తగలవలసిన చోటే ఉంటుంది: తొడ పక్కన, ముంజంఘ మీద, మోచేతుల మీద. కథ లేని మచ్చ, ఆట ఆపినా కొత్తగా వచ్చే మచ్చ, వీపుమీదా పొట్టమీదా చేతుల లోపలివైపూ వచ్చే మచ్చ వేరు. వాటితోపాటు గాజుగ్లాసు పెట్టి నొక్కినా పోని ఎర్ర చుక్కలు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో నెత్తురు, విడవని జ్వరం, పాలిపోవడం, రాత్రి నిద్రలేపే ఎముకల నొప్పి, వీటిలో ఏది కనిపించినా మర్నాటిదాకా ఆగకండి.

ఇవన్నీ కనిపిస్తే ల్యుకీమియాయే అనుకుని గుండె బాదుకోనక్కర్లేదు. డెంగీలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వైరస్ జ్వరం తగ్గాక కొందరు పిల్లల్లో శరీరమే తన ప్లేట్‌లెట్లను చంపుకుంటుంది. అది చాలామందిలో దానంతటదే నయమవుతుంది. ఏది ఏమిటో తేల్చడానికి మొదటి మెట్టు ఒకటే: సంపూర్ణ రక్తకణ పరీక్ష, దానితో గాజుపలక మీద రక్తం పరిచి మైక్రోస్కోపులో మనిషి చూసే పరీక్ష. రెండోది కూడా కావాలని నోరు తెరిచి అడగండి. యంత్రం అంకెలు వేస్తుంది కాని కణం మొహం గుర్తుపట్టడానికి మనిషి కన్ను కావాలి.

ఆ రిపోర్టు వచ్చేదాకా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ జాతి నొప్పి మాత్రలు ఇవ్వకండి. జ్వరానికి వయసుకు, బరువుకు తగ్గ పారాసెటమాల్ చాలు. నీరసం పోవాలని వీధి చివర ఎవరిచేతనైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ అసలే వేయించకండి. అసలు రోగం ల్యుకీమియా అయితే అది నాలుగు రోజులు ముసుగు వేసుకుని కూర్చుంటుంది, పెద్దాసుపత్రివాళ్ళు కూడా సరిగ్గా గుర్తించలేరు.

ఆట మాన్పించాలా అన్నారు. రక్తం బాగుంటే, రక్తం పేరు చెప్పి మాన్పించనక్కర్లేదు. నా భయం తల గురించి. శిరస్త్రాణం చర్మం చిట్లకుండా కాపాడుతుంది కాని పుర్రెలో మెదడు కదలడాన్ని ఆపలేదు. దెబ్బతిని ఒక్క క్షణం స్పృహ తప్పినా, తిక్కతిక్కగా మాట్లాడినా, ఆరోజుకు ఆట సరి. వాంతులు, ముదురుతున్న తలనొప్పి, లేపితే లేవని మత్తు ఉంటే రాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తలనొప్పి పూర్తిగా పోకుండా మళ్ళీ తలకు దెబ్బ తగలడం ఈ వయసువాళ్ళకు ప్రాణం మీదకు తెచ్చిన సందర్భాలున్నాయి. డాక్టరు చూసి సరేననేదాకా తలమీద దెబ్బలుండే సాధన వద్దు. ఈ మాట మీవాడి గురువుతో మీవారు స్వయంగా మాట్లాడాలి. ఆయన నవ్వి ‘అలా అయితే మగాళ్ళెలా అవుతారండీ’ అంటే, వేరే గురువుని వెతకండి.

మీ అబ్బాయి మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో మీ ఉత్తరంలో లేదు. ఈ రాత్రి వాడు నిద్రపోయాక చూడండి, పొద్దునే పరగడుపున అక్కర్లేదు, ఏ వేళయినా సరే, రక్తం ఇప్పించండి. రిపోర్టు నకలు జతచేసి మళ్ళీ రాయండి. ఈసారి కవరు మీద ‘అత్యవసరం’ అని రాస్తే ముందుగా విప్పుతాను.